వదిన అరచేతి వేడి

మా వదిన మనుషుల మాటే ఓ పట్టాన నమ్మదు, ఇక మిషను మాటేం నమ్ముతుంది! మందుల గోదాములో చల్లగది ఆవిడ రాజ్యం. ఎండాకాలంలో కూడా స్వెట్టరు వేసుకుని తిరిగే మనిషి. ఆ గదిలోంచి ఆసుపత్రులకు పెట్టెలు చేరవేసే వ్యాను డ్రైవర్ని నేను. ఆవిడకు మరిదిని కూడా కావడంతో ఇంట్లోనూ డ్యూటీలోనూ నాకు తిట్లకు లోటు లేదు.

ఈమధ్య మా కంపెనీ ప్రతి పెట్టెలోనూ బొత్తామంత సెన్సరు పెట్టింది. లోపల ఎంత చల్లగా ఉందో అదే నిమిషనిమిషానికీ చెబుతుంది. ఆ అంకె బ్లాక్‌చెయిన్‌లో చేరుతుంది. అంటే గోదాములో, రవాణా ఆఫీసులో, ఆసుపత్రిలో ఒకేసారి నమోదవుతుంది. ఒకసారి పడిందా, చెరపడం ఎవడబ్బ తరమూ కాదు. కావాలంటే కింద ఇంకో మాట చేర్చుకోవచ్చు. వేడి హద్దు దాటితే ఆ పెట్టె తెరమీద ఎర్రబడుతుంది, ఆసుపత్రివాళ్ళు తీసుకోరు.

ఇదంతా ఆవిడకు విడమరిచి చెప్పారు. వింటేగా! తన కళ్ళతో చూడనిదే పెట్టెను గడప దాటనివ్వదు. సెన్సరు బయటికి తీసి, దాని మీది చిన్న అంకెల్ని ముక్కు దాకా తెచ్చుకుని చూసేది. ఊపిరి తగిలి అద్దం మసకబారేది. అప్పుడు గ్లౌజు తీసి దాన్ని అరచేతిలో పట్టుకునేది. మసక పోయాక చదివి, మళ్ళీ లోపల పెట్టేది. ఓ రోజు అలా పట్టుకుని ఉండగా మేనేజరు ఏదో అడిగాడు. సెన్సరు పిడికిట్లో ఉండగానే ఆవిడ తీరిగ్గా జవాబు చెప్పింది.

నేను ఆసుపత్రికి చేరేసరికి పెట్టె ఎర్రగా ఉంది. మందుల విభాగం మేడమ్ తల అడ్డంగా ఊపింది.

"ఇది పిల్లల వార్డుకండీ. నలుగురికి ఇవాళే ఎక్కించాలి. ఇంకో పెట్టె రావాలంటే రెండు రోజులు పడుతుంది. కానీ ఎర్రగా ఉన్నదాన్ని నేనెలా తీసుకోను?"

పక్కకు జరిగి వదినకు ఫోన్ చేశాను.

"పెట్టె చల్లగానే ఉందబ్బాయ్. మేనేజరుతో మాట్లాడినంతసేపూ సెన్సరు నా చేతిలో ఉండి వేడెక్కింది," అంది.

సెన్సరు తీసినవాళ్ళకు ఇక చల్లగదిలో పని ఉండదు, అది రూలు.

"నోరు విప్పకు వదినా. మిషను పాడైందని చెప్పేద్దాం."

"మిషను పాడైతే అది చెప్పిందేదీ నమ్మరు. మందు పారబోస్తారు."

"పోనీ, నా వ్యానులో ఏసీ ఆగిందంటాను."

"అప్పుడూ పారబోస్తారు. నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఫోను ఆవిడకివ్వు."

మేడమ్ అంతా ఓపిగ్గా విన్నది. చల్లగది గోడకున్న సెన్సరునూ, వ్యానులోని సెన్సరునూ తెరమీద సరిచూసింది. ఆ రెండూ ఎక్కడా హద్దు దాటలేదు.

"ఈ మాట మీ పేరుతో నమోదు చేస్తారా? తర్వాత తీసేయడం కుదరదమ్మా."

"తీసేయమని నేనడగను మేడమ్. మీరు ముందు పిల్లల సంగతి చూడండి."

వదిన గోదాము నుంచి తన మాట నమోదు చేసింది. మేడమ్ దాని కింద తన ఆమోదం చేర్చాక పెట్టె పచ్చబడింది.

మర్నాడే వదినను ప్యాకింగుకు మార్చేశారు. మేనేజరుకు ఆవిడంటే గౌరవమే, పాపం, కానీ అందరి దగ్గరా పడిన మాటను ఆయన మాత్రం ఎక్కడ దాస్తాడు? నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికి రాగానే అరిచేశాను.

"ఇన్నేళ్ళ చాకిరీకి ఇదా ఫలితం? నీ పేరూ నీ తప్పూ ఇక కలకాలం అక్కడ పడి ఉంటాయి!"

"ఉండనీ. దాని కింద మేడమ్ ఏం రాసిందో చదువు," అంది వదిన.

విసుక్కుంటూనే ఫోను తెరిచాను. 'పెట్టె అందింది. పిల్లలకు మందు ఎక్కించాం. నలుగురూ కులాసా' అని ఉంది. ఇందాకటి కోపానికి సిగ్గేసింది.

వదిన నా పక్కన వచ్చి కూర్చుంది.

"ఇంకోసారి చదువబ్బాయ్," అంది.