ముందు పలక

"...ఇంత మోటారు వెనక తగిలిస్తే, ముక్కు పైకెత్తుకుని పెళ్లికొడుకులా పోతుంది బావా నీ పడవ!" అన్నాడు మెకానిక్ అయిన బావమరిది.

"నీ వెటకారం తర్వాత. ముందు బిగించరా."

పోయిన వానాకాలం పడవవాడు జబ్బుపడ్డ భార్యను అవతలి ఒడ్డున ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, పాత మోటారు ప్రవాహానికి ఎదురెళ్లలేకపోయింది. ఒడ్డు చేరేలోపే ఆమె పోయింది. అప్పటినుంచీ అతనికి పెద్ద మోటారు ధ్యాసే.

బిగించి నీళ్లలో నడిపి చూశారు. వెనక కుంగి, ముక్కు నిజంగానే లేచింది.

"ముందువైపు బరువుకి ఎవరైనా కూర్చోవాలి బావా. లేదంటే ఇసుక మూట వెయ్యి."

ముందు పలక మీద ఎప్పుడూ ఆమే కూర్చునేది. ఆ చోట చెక్క నున్నగా అరిగింది. పడవవాడు చాలాసేపు అటే చూశాడు.

"ఈ మోటారు విప్పెయ్‌రా. పాతదే బిగించు."