లెక్కకు రాని తాబేళ్లు

చలికాలమంతా సముద్రం ఒడ్డున నడుస్తూ చచ్చిన తాబేళ్లను లెక్కపెట్టడం నా ఉద్యోగం. పెళ్లిచూపుల్లో చెప్పుకునే ఉద్యోగం కాదు. కనిపించిన ప్రతిదానికీ ఫొటో తీసి, ఎక్కడ, ఎలా చనిపోయిందో రాసి, ఏ దేశం వాళ్లయినా చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెడతాను. ఎక్కడ ఎక్కువ చస్తున్నాయో తెలిస్తేనే అక్కడ కాపలా పెడతారు.

శ్రీకాకుళం తీరంలో ఒక చేపల ఊరి దగ్గర మాత్రం ఎప్పుడూ సున్నాయే. పక్క ఊళ్ల ఇసుకలో అవి కుళ్లుతుంటే ఇక్కడ ఒక్కటీ ఉండదు. ఈ ఊరికి కాపలా అక్కర్లేదని పైవాళ్లు తేల్చేయబోతున్నారు.

ఒక పొద్దున అక్కడి సరుగుడు తోటలో, చేపలమ్మే ముసలామె ఒకావిడ గొయ్యి పూడుస్తూ కనిపించింది. పక్కన పసుపు, కుంకుమ. ఏమిటని అడిగితే నన్ను వింతగా చూసింది.

"తాబేలు. కూర్మనాదసామి కదా పాపా! ఎండలో కుక్కలకి ఒగ్గేత్తామేటి?"

ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేలును ఆ ఊరివాళ్లు వెంటనే మట్టి చేసేస్తారట. నా సున్నా వాళ్ల భక్తి.

ఇకమీదట పూడ్చేముందు నాకు కబురు చెయ్యమని బతిమాలాను. ఆమె మొహం ముడుచుకుంది.

"నువ్వు దేశాలన్నిటికీ సెప్తావు. మా వలల్లోనే సచ్చిపోతన్నాయని పడవలు ఆపేత్తే? మావోడికి ఉన్నది ఆ పడవొక్కటే."

తాబేళ్లను ఎక్కువగా చంపే పెద్ద మరబోట్ల సంగతీ రాస్తానన్నాను. పడవ ఆపరని మాత్రం మాట ఇవ్వలేకపోయాను. ఒళ్లు మండిపోయింది. ఆమె మీద కాదు, నిజం చెప్పినవాళ్లకే ముందు దెబ్బ తగిలే ఈ పద్ధతి మీద.

కొన్నాళ్లకు ఆమే ఫోన్ చేసింది. వెళ్లేసరికి ఇసుకలో ఒక తాబేలు. పక్కన ఆమె కొడుకు తల వంచుకుని నిలబడ్డాడు.

"మా వలే. కోసి తీసేతలికి పేనం పోనాది. సంద్రంలోనే ఒగ్గేద్దామన్నాడు, నానే ఒద్దన్నాను. సామి సావుని దాసేత్తే ఎలాగ? ఉన్నదున్నట్టు రాసుకో. ఆగు, బొట్టెట్టినాక తియ్యి ఫొటో."

పెట్టింది. తీశాను. చిన్న పడవ వలలో పడి చనిపోయిందని రాశాను.

తర్వాత ఎక్కడో దూరదేశంలో కూర్చుని మా సమాచారం సరిచూసే ఆయన ఒక ప్రశ్న పంపాడు. తలమీద ఆ ఎర్రటిది గాయమా, అని.

కాదు, అని జవాబు రాశాను. కొడుకు పడవ పోతుందేమోనని భయపడుతూనే నన్ను పిలిచిన ఒక తల్లి పెట్టిన బొట్టు అది.