మడమ కింద తేదీ

టక్కు. టక్కు. మధ్యలో చిన్న జారుడు. మళ్ళీ టక్కు.

టైపమ్మ తల ఎత్తకుండానే వేళ్ళు ఆపింది. రికార్డుల ఆఫీసు వరండాలో రోజూ వందల జతల కాళ్ళు నడుస్తాయి. చాలావరకు బతిమాలుకుంటూ నడుస్తాయి. ఈ కాళ్ళు మాత్రం నేలకి ఏదో అప్పజెబుతున్నట్టు నడుస్తాయి. మడమలకి ఇనప లాడాలు. చప్పుడు ముందు మెట్ల మీద, తరవాత మంచినీళ్ళ కుండ దగ్గర, ఆపైన నాలుగో స్తంభం చాటున. అక్కడ కాస్త ఆగుతుంది, చొక్కా సర్దుకోవడానికి. ఆ తరవాతే మనిషి కనిపిస్తాడు.

"కూర్చోండి బాబాయ్. ఇవాళ మొహం మరీ వాడిపోయిందే?"

"వాడక ఏం చేస్తుంది తల్లీ? మూడు వారాలుగా దానికేసి చూసేవాళ్ళే లేరు ఇంట్లో."

అందరూ ఆయన్ని లాడాల బాబాయి అంటారు. ఇరవై రెండేళ్ళు సైన్యంలో బూట్లు బాగుచేశాడు. తుపాకి పట్టుకున్నది పండక్కో పబ్బానికో, అదీ తుడవడానికి. పొద్దుటినుంచి పొద్దుపోయేదాకా గుడారంలో ఒక చెక్క పీట మీద కూర్చుని, ఇతరుల కాళ్ళతో కొండలెక్కాడు, నదులు దాటాడు, ఇసకలో కూరుకుపోయాడు. బూటు చేతికొస్తే చాలు, అడుగు తిరగేసి చూసి ఆ మనిషి ఎటు నడిచొచ్చాడో చెప్పేవాడు. ఇప్పుడు ఆయన ఎటు వెళ్ళాడన్నదే తగువైంది.

ఆ తగువు ఒక కాగితంలోంచి పుట్టింది. మాజీ సైనికుల ఆసుపత్రి కార్డు కోసం సర్వీసు రికార్డు నకలు తెచ్చుకున్నాడు. ఆయన చదవలేదు. పిన్ని చదివింది. పిన్ని అంటే ఆయన భార్య; పొట్లం కట్టిన కాగితాన్ని కూడా చదవనిదే పారెయ్యదు. ఆరో వరసలో ఉంది: జూన్ పన్నెండు నుంచి జూలై ఇరవై రెండు వరకు, నలభై ఒక్క రోజులు, అనుమతి లేని గైర్హాజరు.

నలభై నాలుగేళ్ళ కిందటి మాట. సరిగ్గా ఆ రోజుల్లోనే వాళ్ళకి కూతురు పుట్టింది. నదికి వరదొచ్చింది, దళం వంతెన కడుతోంది, సెలవులన్నీ రద్దు చేశారు, రాలేను అని ఆయన ఉత్తరం రాశాడు. పిన్ని ఆ ఉత్తరాన్ని నమ్మింది. నమ్మడమే కాదు, దాని మీద నలభై నాలుగేళ్ళు కాపురం చేసింది. "వంతెన కట్టకపోతే వాళ్ళందరూ ఎలా దాటేవాళ్ళు పాపం," అని పక్కింటి వాళ్ళ దగ్గర ఆయన తరఫున తనే వాదించింది. ఇప్పుడు గుండ్రటి ముద్రతో ప్రభుత్వం చెబుతోంది, ఆయన అక్కడ లేడని.

"పిన్ని ఇంకా మాట్లాడ్డంలేదా?"

"నాతో కాదు. నా ఎదురుగా కూర్చుని గోడతో మాట్లాడుతోంది. 'గోడా, ఆ నలభై ఒక్క రోజులూ ఈయనకి ఎవరు వడ్డించి ఉంటారంటావ్?' అంటుంది."

"గోడేమంటుంది?"

"గోడ కూడా ఆవిడ పక్షమే."

టైపమ్మకి నవ్వాగలేదు. ఆయన కూడా నవ్వాడు గానీ ఆ నవ్వు పెదాల దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయింది. టైపమ్మ కాగితాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. పాతికేళ్ళుగా ఈ వరండాలో అర్జీలు టైపు చేస్తోంది. తప్పు ఎక్కడ పడుకుందో ఆమె కంటికి ఇట్టే ఆనుతుంది. నకలు వెనకాల కుట్టిన అసలు పట్టీ జిరాక్సులో, ఆయన పేరుకి ఎదురుగా అంకెలు లేవు, అక్షరాలు లేవు. రెండేసి చిన్న గీతలు. 'పై విధంగా' అనడానికి గుమస్తాలు పెట్టే గీతలు. నకలు తీసినవాడు పై వరసలో ఉన్నదాన్ని కిందికి దించి పూర్తిగా రాశాడు.

"పట్టీలో మీ పై పేరు ఎవరిది బాబాయ్?"

"ఈలగాడు. నిద్రలో కూడా ఈల వేసేవాడు. వాడు పారిపోయిన మాట నిజమే. ఎవర్నో పెళ్ళి చేసుకోవాలని వెళ్ళాడు, ఆ అమ్మాయి కాదంటే తిరిగొచ్చాడు. నలభై ఒక్క రోజులు పట్టింది ఆ అమ్మాయికి కాదనడానికి."

అంటే ఆ రోజు గుమస్తాకి చెయ్యి నొప్పెట్టింది. లేకపోతే భోజనాల గంట కొట్టారు. పై విధంగా, పై విధంగా, పై విధంగా అంటూ ఎత్తు, రంగు, బ్లడ్ గ్రూపు, నడవడి అన్నిటికీ రెండు గీతలు గీసి లేచిపోయాడు. రెండు వాన చినుకులు పడ్డట్టున్నాయి ఆ గీతలు. ఒక ఇల్లు తడిసిపోయింది.

ఇద్దరూ మూడో కిటికీ దగ్గరికి వెళ్ళారు. ఆ కిటికీ వెనకాల కూర్చునే గుమస్తాని కూడా మూడో కిటికీ అనే అంటారు. చెడ్డవాడేం కాదు. మనిషికీ మనిషికీ మధ్య గాజు పలక ఉండడంవల్ల మాట సగమే వినే అలవాటైపోయింది.

"ఆ రోజుల్లో ఈయన డ్యూటీలో ఉన్నట్టు మీ రిజిస్టర్లో చూడండి," అంది టైపమ్మ.

"చూడ్డానికేం లేదమ్మా. హాజరు మేం రాయం. గైర్హాజరే రాస్తాం."

"మరి ఉన్నవాళ్ళకి?"

"ఉన్నవాళ్ళకి రాయడానికేముంది? ఉన్నారుగా."

"ఉన్నానుగా మరి!" అన్నాడు బాబాయి.

"ఉన్నట్టు ఎక్కడా లేదుగా పెద్దాయనా!"

"పోనీ ఆ ఎత్తు చూడు బాబూ. అయిదడుగుల పదకొండు అంగుళాలట. నన్ను చూడు."

మూడో కిటికీ కుర్చీలోంచి లేచి, గాజు పలక మీదుగా కిందికి చూశాడు. "వయసు మీదపడితే మనిషి కుంగుతాడు."

"ఎనిమిదంగుళాలా?"

"ఎత్తుకి వేరే ఫారం," అని కూర్చున్నాడు.

వరండాలోకి వచ్చి మళ్ళీ బల్ల దగ్గర కూర్చున్నారు. కాళ్ళరిగేలా తిరిగేవాళ్ళని టైపమ్మ ఎందర్నో చూసింది. చేతులు ఖాళీగా ఉంటే ఈయనకి తోచదు. బల్ల కిందికి చూసి, ఆమె చెప్పు మడమ ఒక పక్కకి ఒరిగి ఉందని పట్టేశాడు. "ఇటు తే," అని లాక్కుని, సంచిలోంచి సుత్తి తీసి, పాత తోలు ఊడదీశాడు. కొత్త ముక్క వేసే ముందు లోపల గోరంత రేకు పెట్టి, దాని మీద అచ్చుమేకులతో ఠపీ ఠపీమని ఏదో కొట్టాడు.

"అదేంటి బాబాయ్?"

"నా నంబరు. ఇవాళ్టి తేదీ. అలవాటు. బాగుచేసిన ప్రతి బూటు మడమలోనూ కొట్టాల్సిందే మా దగ్గర. అది ఊడితే ఎవడు కొట్టాడో, ఎప్పుడు కొట్టాడో తెలియాలిగా. మెచ్చుకోడానిక్కాదు, తిట్టడానికి."

టైపమ్మ ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా అలాగే లేచి నిలబడింది. "అంటే ఆ వరద రోజుల్లో మీరు బాగుచేసిన బూటు ఒక్కటి దొరికితే..."

"నలభై నాలుగేళ్ళ తరవాతా? ఎవరు దాచుకుంటారు తల్లీ బూట్లు?"

ఎవరు దాచుకుంటారో ఆమెకి తెలుసు. అదే ఆవరణలో, రికార్డుల గదికి సరిగ్గా కిందనే, ప్రదర్శన గది ఉంది. లోపల చల్లటి మసక. గాజు పెట్టెల్లో జెండాలు, పతకాలు, ఆగిపోయిన గడియారాలు. మూలన ఒక జత బూట్లు, పక్కనే చక్కటి అక్షరాల్లో చీటీ: 'వంతెన నిర్మాణానికి నాయకత్వం వహించిన అధికారి పాదరక్షలు. వరదనీటిలో నలభై రోజులు నిలిచినవి.'

బాబాయి చీటీ చదివి, బూట్లకేసి చూసి, మళ్ళీ చీటీ చదివాడు. "ఇవి నీళ్ళలో నిలిచినవా? ఈయన కాలు తడిస్తే ఒట్టు. జీపు దిగుతుంటే మడమ ఊడితే నా దగ్గరికి పంపించాడు. ఒళ్ళో పెట్టుకుని కుట్టాను. నాకు ఒక్క రోజు హాజరు లేదు, ఈ బూట్లకి మాత్రం పూర్తి సర్వీసు!"

ఉన్నవాళ్ళని రాసుకోని సైన్యంలో ఉన్నట్టు రాసుకున్నవి ఒక్క మడమలే, అనుకుంది టైపమ్మ.

కానీ ప్రదర్శన వస్తువు ముట్టుకోకూడదు. ఆ గదికి కాపలా ఉండే తాళాలాయన అదే చెప్పాడు. చెబుతూనే నిట్టూర్చాడు కూడా. కుడి బూటు మడమ వేలాడుతోందట. బాగుచేయించమని పెట్టిన ఫైలు మూడేళ్ళుగా తిరిగి రాలేదట. బూట్లు కుట్టేవాళ్ళు ఎవరైనా దొరుకుతారా అని పైనుంచి అడిగారట. దొరకరని ఈయన రాశాడట. దొరకరని రుజువేంటని వాళ్ళు అడిగారట.

టైపమ్మ అప్పటికప్పుడు ఒక అర్జీ టైపు చేసింది: 'దేశ చరిత్ర మడమ ఊడి వేలాడుతున్నందున...' తాళాలాయన దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళు తుడుచుకుని, పెట్టె తెరిచాడు.

ఆ ముసలి వేళ్ళు బూటుని ఎంత మెత్తగా పట్టుకున్నాయంటే, నిద్రపోతున్న పసిపిల్లని ఎత్తుకున్నట్టుంది. మడమ తోలు లేచింది. లోపల రేకు తుప్పు రంగులో ఉంది. బొటనవేలితో రుద్దాడు. రెండు వందల పద్నాలుగు. కింద తేదీ: జూలై ఒకటి, ఆ ఏడాదే.

టైపమ్మ పలచని కాగితాన్ని రేకు మీద పెట్టి పెన్సిలు అడ్డంగా రుద్దింది. అంకెలు నీళ్ళలోంచి తేలినట్టు ఒక్కొక్కటే పైకొచ్చాయి. రెండు ప్రతులు తీసింది. రెండిటి మీదా తాళాలాయన 'సరైన నకలు' అని ముద్ర వేశాడు.

మూడో కిటికీ దాన్ని వెలుగులో పెట్టి చూశాడు, నీడలో పెట్టి చూశాడు.

"దీన్నిబట్టి బూటు హాజరైనట్టు తెలుస్తోంది. మీరు హాజరైనట్టు ఎలా తెలుస్తుంది?"

"నంబరు నాదేగా బాబూ!"

"నంబరు మీదే. కొట్టింది మీరే అని ఎవరంటారు?"

దాంతో ఫైలు పై అంతస్తుకి వెళ్ళింది. పై అంతస్తుకి వెళ్ళిన ఫైళ్ళ గురించి వరండాలో ఎవరూ గట్టిగా మాట్లాడుకోరు.

రెండో ప్రతిని బాబాయి ఇంటికి తీసుకెళ్ళి భోజనాల బల్ల మీద, నీళ్ళ గ్లాసు కింద పెట్టాడు. పిన్ని దానివైపు తిరగనైనా లేదు. "చూశావా గోడా," అందట, "కాగితం మీద ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు." మర్నాడు వచ్చి ఆ ముక్క ఆయనే చెప్పాడు. "ఆవిడన్నదీ నిజమే తల్లీ. ఆ ముక్క నేను మూడో కిటికీతో అనాల్సింది. తోచింది కాదు."

రెండు రోజుల తరవాత వరండాలో రెండు చప్పుళ్ళు వినిపించాయి. టక్కు టక్కులు కాస్త ముందు. వెనకాల మెత్తటి చెప్పుల సవ్వడి, తొందరేమీ లేకుండా. నాలుగో స్తంభం దగ్గర మొదటిది ఆగింది, రెండోది ఆగలేదు. సన్నగా, నిటారుగా ఉన్న పెద్దావిడ నేరుగా వచ్చి టైపమ్మ బల్ల ముందు కూర్చుంది. చేతిలో సంచి. సంచిలోంచి ఒక స్టీలు మూత తీసింది.

"నువ్వేనా అమ్మాయ్, ఈయన్ని వెంటేసుకుని బూట్లు ఊడదీయిస్తున్నది?"

"నేనే పిన్నిగారూ."

"కాగితం ఈ మూత పక్కన పెట్టి చూద్దామని తెచ్చాను. ఇంట్లో చూడలేదు. ఇంట్లో చూస్తే ఈయన మొహం కూడా చూడాల్సొస్తుంది." సంచిలోంచి ఆ ప్రతిని తీసి మూత పక్కన పరిచింది. మూత అంచున చిన్న అంకెలు కొట్టి ఉన్నాయి. రెండు వందల పద్నాలుగు. ఇరుగుపొరుగు పట్టుకెళ్ళిన గిన్నెలు తిరిగి రావాలని, ఇంట్లో ప్రతి గిన్నెకీ ఆయన తన పాత అచ్చుమేకులతోనే కొట్టి పెట్టాడు.

పిన్ని వేలు మూత మీది నాలుగు మీద ఆగింది. ఆ నాలుగుకి కాలు విరిగింది. మేకు చివర ఎప్పుడో పెచ్చు లేచిపోయింది, ఆయన మార్చలేదు. వేలు కాగితం మీదికి జరిగింది. అక్కడా నాలుగుకి కాలు విరిగే ఉంది. అదే చోట, అదే వాలుతో.

"ఈ నాలుగుని నేను నలభై ఏళ్ళుగా తోముతున్నాను," అంది. "నా గిన్నెల మీది నాలుగే ఇది."

పిన్ని తేదీ చూసింది. పెదాలు కదిలాయి, ఏవో రోజులు లెక్కపెట్టుకుంటున్నట్టు.

"పిల్ల పుట్టిన మూడో రోజు. నాకు జ్వరమొచ్చిన రోజు." మూడు వారాల తరవాత మొదటిసారి, గోడలేవీ అడ్డంపెట్టుకోకుండా, ఆయనవైపు తిరిగింది. "ఏవండీ, ఆ రోజు అక్కడ వాన పడిందా?"

"పడింది," అన్నాడు బాబాయి. "గుడారంలోకి నీళ్ళొచ్చాయి. పీట ఎత్తి పెట్టె మీద వేసుకున్నాను."

"తల తడిసిందా?"

"తడిసింది."

"తుడుచుకోలేదుగా?"

"లేదు."

"అదే అనుకున్నాను," అంది పిన్ని, మూత సంచిలో పెట్టుకుంటూ.

నెలన్నర గడిచింది. పై అంతస్తునుంచి దిద్దుబాటు ఉత్తర్వు వచ్చింది. వరండా అంతా వచ్చి టైపమ్మ భుజాల మీదుగా చదివింది. సమగ్ర విచారణ అనంతరం, సదరు మాజీ సైనికుని ఎత్తు ఎనిమిది అంగుళాలు తగ్గించడమైనది. గైర్హాజరు గురించి: బూటుని మరోసారి పరిశీలించవలసి ఉన్నందున, అది ప్రదర్శన వస్తువు అయినందున, తగిన అనుమతికి రాయడమైనది.

టైపమ్మకి ఒళ్ళు మండింది. కొత్త కాగితం చుట్టి, 'అయ్యా' అని కొట్టేసింది కూడా. అంతలో మెట్ల మీద టక్కు టక్కు. కుండ దగ్గర టక్కు టక్కు. స్తంభం దగ్గర ఆగలేదు ఇవాళ. చొక్కా ఇంట్లోనే ఎవరో సర్ది పంపినట్టున్నారు.

"కూర్చోండి బాబాయ్, వదిలేది లేదు. ఇప్పుడే గుర్తుచేస్తూ ఇంకో అర్జీ పెడదాం. గట్టిగా రాస్తాను."

ఆయన ఉత్తర్వు చదివాడు. ఎత్తు దగ్గర నవ్వాడు. తరవాత మిషన్లోంచి ఆ కాగితాన్ని జాగ్రత్తగా బయటికి తీసి, మడతపెట్టి ఆమె చేతిలో పెట్టాడు.

"తొందరేం లేదు తల్లీ. రోజూ అన్నాలయ్యాక ఆవిడ ఆ నలభై ఒక్క రోజుల్లో ఒక్కో రోజు చెప్పమంటోంది. ఏం తిన్నాను, ఎవరి బూట్లు కుట్టాను, పిల్ల పుట్టిన కబురు తెలిసినప్పుడు ఎక్కడ నిలబడి ఉన్నాను, అన్నీ అడుగుతోంది. తప్పు చెబితే పట్టేస్తుంది, మళ్ళీ మొదట్నుంచీ చెప్పిస్తుంది. వాళ్ళ కాగితం ఎప్పుడొచ్చినా ఫరవాలేదు. మేమింకా పన్నెండో రోజులోనే ఉన్నాం."