కణత దెబ్బ, కోసిన పడుగు

ధర్మవరం నేతవీధిలో ఓబిలేష్‌కు మంచినీళ్ళిచ్చే ఇల్లు ఒకటే ఉండేది. అది సొంత అక్క చౌడేశ్వరి ఇల్లు. అదీ గడప బయట నిలబెట్టి ఇచ్చేది. తాగాక గ్లాసు తనే కడిగి అరుగు మూల బోర్లించి పోవాలి. మగ్గం పని చేతకాక, పొట్టకూటికి పరాయి ఊరి ఆసుపత్రిలో శవాలగది పనికి కుదిరాడు ఓబిలేష్. అప్పటినుంచి ఇదే మర్యాద. పందొమ్మిదేళ్ళయింది.

అతని పని తలలు తెరవడం. కాగితాల్లో ఆ పని డాక్టరుది. డాక్టరు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి "ఏముంది?" అంటాడు. ఓబిలేష్ చూసింది చెబుతాడు, డాక్టరు రాసుకుంటాడు. ఆ గుమ్మం దగ్గరికి నలుగురైదుగురు డాక్టర్లు వచ్చారు, బదిలీ మీద వెళ్ళారు. ఓబిలేష్ మాత్రం రంపంతో పాటు అక్కడే అరిగిపోతున్నాడు. బతికున్నవాళ్ళంటే అతనికి గౌరవం లేదు. వాళ్ళకు అతనంటే ఏముందని!

చదువు ఏడో తరగతి దాటకపోయినా తలకాయ సంగతి అతనికి తెలిసినంత ఆ వీధిలో ఎవరికీ తెలియదు. నుదుటి ఎముక మొండిది, రంపానికి ఎదురు తిరుగుతుంది. వెనక తలది ఇంకా మొండిది. కణత దగ్గరికి వచ్చేసరికి మాత్రం రంపం తేలిపోతుంది. నాలుగు ఎముకలు కలిసే చోటు అది. పలచగా, వెలుతురుకు పట్టి చూస్తే అవతల వేలు నీడ కనబడేలా ఉంటుంది. దాని లోపలి వైపు ఒక గాడి, ఆ గాడిలో రక్తనాళం. తలకాయ కట్టిన దేవుడు అక్కడికి వచ్చేసరికి కక్కుర్తి పడ్డాడని ఓబిలేష్ తిట్టుకునేవాడు.

కణత దెబ్బతో పోయినవాళ్ళను తొమ్మిదిమందిని తెరిచాడు. తొమ్మిదిసార్లూ బంధువుల మాట ఒక్కటే. దెబ్బ తగిలినాక బాగానే లేచినాడు, మాట్లాడినాడు, అన్నం తిన్నాడు, పడుకున్నాడు, మళ్ళీ లేవలేదు. తెరిచి చూస్తే ఎముకకూ, మెదడును చుట్టిన గట్టి పొరకూ మధ్య పిడికెడు నెత్తురు గడ్డకట్టి ఉండేది. మెదడుకు చిన్న గీత కూడా పడి ఉండేది కాదు, ఊరికే పక్కకు నొక్కుకుపోయి ఉండేది. ఎముక ఎటూ జరగదు కాబట్టి మెదడుకు తప్పించుకునే దారి ఒక్కటే, అడుగున వెన్నులోకి దిగే రంధ్రం. ఊపిరిని నడిపించే భాగం సరిగ్గా అక్కడే ఉంటుంది. అది నొక్కుకుంటే ఇక మనిషి లేడు.

పోయిన వేసవిలో ఒక ఆదివారం పొద్దున ఓబిలేష్ అక్క ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లోపల మగ్గం గుంటలో బావ గోపాలయ్య ఒక పెళ్ళికూతురి ముహూర్తం చీర నేస్తున్నాడు. కొంగు సగానికి వచ్చింది. ఉన్నట్టుండి మగ్గం పైన ఏదో తెగిన చప్పుడు, వెంటనే "అమ్మా!" అన్న కేక. ఓబిలేష్ పందొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ గడప దాటాడు.

మగ్గం పైన చీర పూలు నేయించే జకార్డు పెట్టెకు బరువుగా కట్టిన ఇనుప దిమ్మ తాడు తెంపుకుని గోపాలయ్య ఎడమ కణత మీద పడింది. చుక్క నెత్తురు లేదు, చిన్న బొప్పి కట్టింది, అంతే. ఒక క్షణం తల వాల్చేసిన గోపాలయ్య కళ్ళు తెరిచేసరికి ఎదురుగా బావమరిది కనబడ్డాడు. దిమ్మ మీద రావలసిన కోపమంతా అతని మీదికి మళ్ళింది.

"ఎవురు రమ్మనిరిరా నిన్ను లోపలికి? మగ్గం కాడికి పీనుగుల చేతులతో వస్తావా?"

"బావా, లెయ్యి. ఆసుపత్రికి పోదాం. కణత మీద పడింది."

"పడితే ఏమాయ? బాగుండా కదా! కొంగు మొదులుపెట్టినాక అయ్యేదంకా మగ్గం దిగేది లేదు. మా నాయన దిగలే, నేనూ దిగను."

ఆ ఇంటి పట్టింపు అది. ముహూర్తం చీర కొంగు నేసేవాడు మధ్యలో మగ్గం దిగితే పెళ్ళికూతురికి అరిష్టమని నమ్మకం. మనిషికి జ్వరమొచ్చినా, ఇంట్లో బిడ్డ పుట్టినా దిగరు. ఇలాంటి మొండితనానికి ఆ వీధిలో నియమమని పేరు.

చౌడేశ్వరి ఉప్పు కాపడం తెచ్చి భర్త కణతకు అద్దుతూ, "నెత్తురే రాలేదు కదరా, ఎందుకట్ల బెదిరిస్తావు?" అంది.

"నెత్తురు బయటికొచ్చింటే నేనింత భయపడను అక్కా. అది లోపలికి పోతాంటుంది."

"నీ నోట్లో మన్ను పడ! తలకాయ అనేది చూస్తే సాలు, నీకు పీనుగే కనపడుతుందా? పో బయటికి!"

ఓబిలేష్ పోలేదు. తిట్లు తింటూ గోడవార నిలబడి బావ చేతులనే చూశాడు. గంట గడిచింది. గోపాలయ్య రెండుసార్లు ఆవలించాడు. తలనొప్పి అన్నాడు. ముప్పై ఏళ్ళుగా పేక తప్పని మనిషి ఒక పేక తప్పాడు. విప్పి మళ్ళీ వేశాడు, మళ్ళీ తప్పాడు. "ఈ కొంగు అయినాక రోంత పండుకుంటా" అన్నాడు. ఆ పడుకోవడం ఎలాంటిదో ఓబిలేష్ తొమ్మిదిసార్లు చూసినవాడు.

భయం వేసింది. దానికంటే ఎక్కువ కోపం వచ్చింది. ఇంత మూర్ఖుల మధ్య పుట్టినందుకు తన మీద తనకే అసహ్యం కూడా వేసింది. మగ్గం పక్కనున్న కత్తెర తీసుకుని, బిగువుగా ఉన్న పడుగును ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డంగా కోసేశాడు. నాలుగు వేల పైచిలుకు పట్టుపోగులు ఒక్కసారిగా కుంగిపోయాయి.

నేతగాడి ఇంట్లో అంతకు మించిన పాపం లేదు. చౌడేశ్వరి గుండెలు బాదుకుంది. గోపాలయ్య పెద్దగా అరుస్తూ గుంటలోంచి లేచి కర్ర తీసుకున్నాడు. "ఇంగ నేసేదానికేముంది బావా? రా, కొట్టు!" అంటూ ఓబిలేష్ వీధిలోకి పరిగెత్తాడు. గోపాలయ్య వెంటపడ్డాడు. నాలుగిళ్ళు దాటాడో లేదో, భళ్ళున వాంతి చేసుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఓబిలేష్ వెనక్కి వచ్చి రెప్పలు ఎత్తి చూశాడు. ఎడమ కంటి పాప రెండింతలు పెద్దదైంది.

అక్క కొడుతూనే ఉంది, వీధివాళ్ళు తలా ఒక దెబ్బ వేస్తూనే ఉన్నారు. అయినా బావను ఆటోలో ఎక్కించుకుని అనంతపురం తీసుకుపోయాడు. అక్కడ కణత తెరిచి గడ్డ తీశారు. ఇంకో అరగంట ఆలస్యమైతే దక్కేవాడు కాదని చెప్పారు.

ఆ మాట వీధి చెవికి ఎక్కలేదు. దిమ్మ పడ్డాక గోపాలయ్య గంటసేపు బాగానే ఉన్నాడా, లేదా? నేస్తూనే ఉన్నాడా, లేదా? పడుగు కోశాకే కదా కూలిపోయింది! కోసిన బాధకే తలలో నరం చిట్లిందని తేల్చారు. కాసేపు బాగుండటమే ఆ దెబ్బ చేసే మోసమని ఓబిలేష్ గొంతు చించుకుని చెప్పాడు. ఎవరూ వినలేదు. ఇంకోసారి వీధిలో కాలు పెడితే విరిచేస్తామని పెద్దలు ఖరాఖండిగా చెప్పారు. ఆ మాట అందరికంటే ముందు అన్నది చౌడేశ్వరే.

గోపాలయ్య బతికాడు గానీ మాట పోయింది. మాటలు కట్టే భాగం ఎడమ కణత వెనకే ఉంటుందనీ, గడ్డ దాన్ని నొక్కేసిందనీ, మాట తిరిగి రావచ్చు, రాకపోవచ్చనీ డాక్టరు అన్నాడు. ఆ భాగాన్ని ఓబిలేష్ వందలసార్లు చేతుల్లోకి తీసుకున్నాడు. వేలితో నొక్కితే సొట్టపడేంత మెత్తన. పోయిన మాట అందులోంచి మళ్ళీ ఎలా వస్తుందో ఏ శవం చెబుతుంది? రెండు నెలలు గడిచాయి. గోపాలయ్య నోట "ఆ... ఆ..." తప్ప ఇంకేం రావడం లేదని తెలిసినవాళ్ళు చెప్పారు. ఓబిలేష్‌కు అన్నం సయించేది కాదు. తను బతికించింది మనిషినా, మూగబొమ్మనా?

మూడో నెలలో ఇక ఉండబట్టక, కాళ్ళు విరిస్తే విరవనీ అనుకుని వెళ్ళాడు. గోపాలయ్య తలకు తువ్వాలు చుట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బావమరిదిని చూడగానే మొహం ఎర్రబడింది. పెదాలు వణికాయి. నోరు తెరుచుకుంది, మాట రాలేదు. మళ్ళీ తెరుచుకుంది.

"రేయ్... ఓబిలేషూ!"

ఓబిలేష్ ఒక అడుగు ముందుకు వేశాడు.

"పీనుగులు కోసే నాకొడకా! ఏం మొగం పెట్టుకోని వచ్చినావురా నా వాకిట్లేకి? పెండ్లికూతురి పడుగు కోస్తివే, నీ చేతులు పడిపోను! మా తాతల నాటినుంచి ఈ ఇంట్లో ఎవురైనా పోగు తెంపినారంట్రా? పురుగులు పడి పోతావురా నువ్వు! ఈడ నిలబడద్దు, పో!"

వంటింట్లోంచి చౌడేశ్వరి పరుగున వచ్చి గడపలో ఆగిపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తమ్ముణ్ణి లోపలికి రమ్మనలేదు.

ఓబిలేష్ ఒక్కో మాటా లెక్కపెట్టుకుంటూ విన్నాడు. పేరు సరిగ్గా ఉంది, చేసే పని సరిగ్గా ఉంది, జరిగింది జరిగినట్టు ఉంది. ఎక్కడా ఒక్క అక్షరం జారలేదు. గోపాలయ్య ఆయాసపడుతూ ఆగాడు. వీధిలోవాళ్ళు రాళ్ళు ఏరుకుంటున్నారు.

ఓబిలేష్ కళ్ళు తుడుచుకుని, "ఇంగొక తూరి తిట్టు బావా" అన్నాడు.