యాంటెన్నా కోసం గీసిన బొమ్మ

పోయిన నెల సింహాద్రిపురంలో కొత్తగా వచ్చిన టీచరొకాయన నా మోటార్ల షాపుకొచ్చి ఒక మాట అడిగాడు. వేరే దేశాల్లో ఇంటి మీద చిన్న యాంటెన్నా పెట్టుకుంటే చాలట, ఎవరికీ ఏమీ కట్టకుండానే గాలిలో నుంచి హెచ్‌డీ బొమ్మ అద్దంలో చూసినట్టు వస్తుందట. ఫోన్లో చూశాడట.

"మన తట్టు గూడా వస్తాదా? మీరు ఒగప్పుడు యాంటినాలు పెడతాంటిరంట గదా," అన్నాడు.

మన వైపు టవర్లు ఎప్పుడో మూసేశారని చెప్పి పంపించాను. ఆయన పోయాక, వైండింగ్ చేస్తున్న మోటారు పక్కన పెట్టేశాను. యాంటెన్నాలు పెట్టిన మాట నిజమే. ఎందుకు మానేశానో మాత్రం ఈ ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు.

మాది కొండాపురం దగ్గర పల్లె. మా నాయన గొర్రెలు కాసేవాడు. నాకు గొర్రెల వెంట తిరగడం కన్నా రేడియో విప్పి చూడటం ఇష్టంగా ఉండేది. పద్దెనిమిదేళ్ళు నిండాక ప్రొద్దుటూరు పోయి ఒక రేడియో రిపేరు షాపులో పనికి కుదిరాను. షాపాయనను మామా అని పిలిచేవాణ్ణి. చుట్టం కాదు, మా తట్టు పిలుపులే అంత. కానీ ఆయన నన్ను నిజంగానే మేనల్లుడిలా చూశాడు. చెయ్యి పట్టుకుని టంకం వేయడం నేర్పాడు. నా పెండ్లి దగ్గరుండి జరిపించాడు. నా భార్య కాపురానికి వచ్చినప్పుడు తన ఇంటి వెనకాల గది ఖాళీ చేసి ఇచ్చాడు. ఆ రోజు మా నాయన ఆయన ముందు చేతులు కట్టుకుని, "వీడు నాకు పుట్టినా నీ బిడ్డే అప్పా," అన్నాడు.

ప్రొద్దుటూరులో టీవీ రిలే స్టేషన్ వచ్చాక మా వైపు టీవీలు దిగాయి. అప్పటికి కేబుల్ లేదు, డిష్ లేదు. ఎత్తుగా ఒక ఇనుప పైపు, దాని కొసన అల్యూమినియం పుల్లల యాంటెన్నా, అక్కణ్ణుంచి టీవీ దాకా ఒక చదునైన వైరు. అంతే. పైపును స్టేషన్ వైపు తిప్పితే సర్కారు టీవీ బొమ్మ ఊరికే వచ్చి పడేది. జమ్మలమడుగు దాటి పల్లెల్లోకి పోయే కొద్దీ బొమ్మ నిండా చుక్కలు. అక్కడ చుక్కలు లేకుండా తెప్పించడంలోనే పనితనమంతా ఉండేది. నేను మిద్దె మీద పైపును గోరంత గోరంత తిప్పుతుంటే కిందనుంచి ఇంటివాళ్ళు "వచ్చె, వచ్చె, పాయె, మల్లా వచ్చె" అని కేకలేసేవాళ్ళు.

అవి ఫ్యాక్షన్ రోజులు. ప్రతి ఊళ్ళో రెండు పార్టీలు. ఒక పార్టీ మనిషి ఇంకో పార్టీ వీధిలో అడుగు పెట్టేవాడు కాదు. కొత్త ముఖం కనపడితే ఊరి మొదట్లోనే ఆపి, "యాడిది నీది? ఎవురింటికి?" అని అడిగేవాళ్ళు. నన్ను మాత్రం రెండు పార్టీల వాళ్ళూ పిలిచేవాళ్ళు. భుజాన పైపు చూడగానే దారి ఇచ్చేవాళ్ళు. అది నాకు గర్వంగా ఉండేది. ఎవరి మనిషినీ కాను, బొమ్మ తెచ్చేవాణ్ణి.

ఒకసారి జమ్మలమడుగు అవతలి పల్లె నుంచి పిలుపు వచ్చింది. ఆ ఊళ్ళో ఒక పార్టీని నడిపే మనిషి ఇల్లు అది. ఆయనకు నలభై ఏళ్ళుంటాయి. ఆయన మీద కేసులుండేవి, చేతులు శుభ్రమైనవని నేను చెప్పను. ఎదుటి పార్టీ వాళ్ళు కాచుకుని ఉండటంతో రెండేళ్ళుగా ఊరి పొలిమేర దాటలేదు. సినిమాకు జమ్మలమడుగు పోలేడు, పని పడినా ప్రొద్దుటూరు పోలేడు. భార్య ఎప్పుడో చనిపోయింది. ఒక్కడే కొడుకు, వాణ్ణి కర్నూల్లో హాస్టల్లో దాచినట్టు పెట్టి చదివిస్తున్నారు. ఇంట్లో ఆయన, ఆయన తల్లి. పొద్దు పోవడానికి టీవీ తెప్పించుకున్నారు.

నేను పైపు నిలబెడుతుంటే ఆయనే వచ్చి పట్టుకున్నాడు.

"ఇది యా తట్టు చూస్తాంది?" అని అడిగాడు.

"ప్రొద్దుటూరు తట్టు అన్నా."

"నేను ఆ తట్టు పొయ్యి రెండేండ్లు దాటె. ఆడి నుంచి బొమ్మన్నా వస్తాంది లే," అని నవ్వాడు.

కింద ఆయన తల్లి టీవీ ముందు కూర్చుని కేకేసింది. "మడిసి మొగం కనపడతాండాది అబ్బీ. మూతులు మాత్రం రెండుండాయి." పైపును ఇంకాస్త తిప్పాను. "ఆ, ఇప్పుడు ఒగటే," అంది.

ఆ అవ్వ నాకు సంగటి ముద్ద, నంజుకోను వేరుశనగల ఊరిబిండి పెట్టింది. ఎదురుగా కూర్చుని తినేదాకా లేవలేదు. "ఈ మిద్దె ఎక్కిన బయటి మడిసివి నువ్వొగనివే. నా కొడుకు నిన్ను నమ్మి ఎక్కనిచ్చినాడు," అంది.

షాపులో మామకు ఒక అలవాటు ఉండేది. యాంటెన్నా పెట్టి రాగానే ఆ ఇంటి మిద్దె బొమ్మ కాగితం మీద గీయించేవాడు. పైపు ఎక్కడ బిగించావు, వైరు ఏ దారిన దించావు అని అడిగేవాడు. రేపు గాలికి పడిపోతే ఇంకొకరు పోయినా తెలియాలి గదా అనేవాడు. ఆ రోజు ఇంకొంచెం ఎక్కువ అడిగాడు.

"మెట్లు లోపల్నుంచా, బయట్నుంచా?"

"లోపల్నుంచే మామా. బయటి మెట్లు కొట్టేసినారు."

"పక్క మిద్దె యాడుండాది?"

"ఎనకాల ఆనుకోనే ఉండాది. మధ్యలో పిట్టగోడ. ఆ ఇంట్లో ఎవురూ ల్యారు, బీగమేసుండారు. వైరుకు ఆ గోడకే క్లిప్పులు కొట్టినా."

"పైన ఎవురన్నా పడుకుంటారా? నిద్దట్లో కాలు తగిలి పైపు తిరుగుతాదేమోనని."

"మధ్యాన్నం పూట ఆయప్పే పడుకుంటాడు. పైపు పక్కనే చిన్న కొట్టమేసుకున్యాడు, గాలి బాగుంటాదని."

అన్నీ గీశాను. గోడ, కొట్టం, బీగం వేసిన ఇల్లు, ఒక్కోదాని పక్కన నా చేతిరాతతో పేరు. మామ కాగితం వెలుతురుకు పట్టి చూసి, "శానా బాగ గీసినావు అల్లుడా," అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయాను. ఆ సాయంత్రం నా భార్యకు కూడా చెప్పుకున్నాను.

రెండు వారాలకు ఆ ఇంటి నుంచి కబురు వచ్చింది, గాలికి పైపు తిరిగి బొమ్మ చెడిందని. శనివారం వస్తానని చెప్పి పంపాను. అది శ్రావణ మాసం. శుక్రవారం మామ నా దగ్గరికి వచ్చి, "రేపు గండికి పోదాం. నీ పెండ్లాన్ని గూడా తోడుకో," అన్నాడు. ఆ పల్లె పని ఉందన్నాను. "సోమారం పోదువు లే. దేవుని పని ముందర," అన్నాడు. శనివారం పూట షాపు మూయడం అంతకు ముందు నేనెప్పుడూ చూడలేదు. మా మీద ప్రేమతోనే మూస్తున్నాడనుకున్నాను.

గండిలో జనం విరగబడి ఉన్నారు. పాపఘ్నిలో కాళ్ళు కడుక్కుని, ఆంజనేయస్వామి దర్శనం చేసుకుని, సాయంత్రానికి పులివెందుల బస్టాండు చేరుకున్నాం. ప్రొద్దుటూరు బస్సులు ఆపేశారు. ఎందుకని అడిగితే ఒక కండక్టరు చెప్పాడు, జమ్మలమడుగు తట్టు ఒక పార్టీ మనిషిని మధ్యాహ్నం మిద్దె మీద పడుకుని ఉండగా నరికేశారని. పక్క మిద్దె మీదుగా వచ్చారట. ఏ ఊరు, ఎవరిని అని బస్టాండులో అందరూ కండక్టరు చుట్టూ మూగారు. మామ ఒక్కడే అడగలేదు. నా భార్యకు చీనీకాయ తొనలు వొలిచి ఇస్తున్నాడు. ఆయన చెయ్యి ఒక్క క్షణం కూడా ఆగలేదు. నేను ఆ చెయ్యి వైపే చూస్తూ నిలబడ్డాను.

ఆ రోజు ఆయనను ఏమీ అడగలేకపోయాను. నేను తప్పుగా అనుకుంటున్నానేమోనని నాకు నేనే చెప్పుకున్నాను. మూడో రోజు పోలీసులు వచ్చి నన్ను జమ్మలమడుగు స్టేషనుకు తీసుకుపోయారు. బల్ల మీద ఒక కాగితం పెట్టి, "ఈ రాత నీదేనా?" అని అడిగారు. బీగం వేసిన ఆ ఇంట్లో దొరికిందట. నాలుగు మడతలు పెట్టి ఉంది. నాదే అన్నాను. మా షాపాయన గీయమంటే గీశానని చెప్పాను.

మామను పిలిపించారు. ఆయన నా వైపు చూడకుండా, "ఎన్నో ఇండ్లకు పోతాంటాడు సార్. యాడ ఏం గీస్తాడో, ఎవురికిస్తాడో నాకేం తెలుసు. బిడ్డ మాదిరి నమ్మి షాపు అప్పజెప్పినా," అన్నాడు.

ఆ తర్వాత అవ్వను తీసుకొచ్చారు. నేను లేచి నిలబడ్డాను. ఆమె నా ముఖం లోకి నేరుగా చూసింది. "ఈ అబ్బే సార్. మా మిద్దె ఎక్కింది వీడొగడే. నా ఇంట్లో అన్నం తిని పొయ్యినాడు," అంది. నేను కాళ్ళ మీద పడబోతే పాదాలు వెనక్కి తీసుకుంది.

కొన్ని నెలలు రిమాండులో ఉన్నాను. నా భార్యను మామ ఇంటి గదిలో నుంచి పంపించేశారు, పుట్టింటికి పోయింది. మా నాయన ఒక్కసారి చూడటానికి వచ్చాడు. కటకటాల అవతల నిలబడి, "నీ బిడ్డే అని నా నోటితోనే అన్న్యా గదరా," అని తల దించుకుని వెళ్ళిపోయాడు.

అంతలో ఎన్నికలు వచ్చాయి. ఊళ్ళో రెండు పార్టీలకూ అండగా ఉన్న పై నాయకులిద్దరూ ఒకే రాజకీయ పార్టీలో కలిశారు. కింద ఊళ్ళో రాజీ కుదిర్చారు. సాక్షులంతా మేమేమీ చూడలేదన్నారు, అవ్వ కూడా అంతే చెప్పింది. కేసు కొట్టేశారు. చంపినవాళ్ళతో పాటు నేనూ బయటికి వచ్చాను.

ప్రొద్దుటూరు వచ్చేసరికి మామ కేబుల్ పెట్టి ఉన్నాడు. అప్పుడు గెలిచిన నాయకుడి అండ ఆయనకు ఉంది. ఆ మనుషులు వీధి వీధీ తిరిగి యాంటెన్నాలు దించమన్నారు. దించని వాళ్ళ వైర్లు తెల్లారేసరికి తెగిపోయి ఉండేవి. గాలిలో ఊరికే వచ్చే బొమ్మకు జనం నెలనెలా కట్టడం అట్లా మొదలైంది. మిద్దె మీదికి దారి చూపించినందుకు ఆయనకు దక్కింది అదేనని నాకు అప్పుడు అర్థమైంది.

ఆయన దగ్గరికి ఒకే ఒక్కసారి పోయాను. తిట్టాలని పోయాను గానీ, నోట్లో నుంచి మామా అనే వచ్చింది.

"ఎందుకు చేసినావు మామా?"

"నేనేం చేసినా? నిన్ను ఏమన్నా చెయ్యమన్న్యానా? అడిగినా, అంతే. చెప్పింది నువ్వు."

"పోలీసోల్ల ముందర?"

"నాకూ పెండ్లాం బిడ్డలుండారు. ఆ పొద్దు గండికి తోడుకోని పొయ్యింది ఎవురు? లేకుంటే నువ్వూ ఆ మిద్దె మిందనే ఉంటివి."

నాకు మేలు చేసినట్టే చెప్పాడు. నేర్పిన పనితోనే నన్ను ముంచి, ప్రాణం కాపాడానంటున్నాడు. లేచి వచ్చేశాను. నా భార్యను తోడుకుని సింహాద్రిపురం చేరి, చీనీ తోటల బోర్లకు మోటారు వైండింగ్ నేర్చుకున్నాను. మామ తర్వాత కౌన్సిలరయ్యాడు, మంచం మీద నిమ్మళంగా పోయాడు. చావుకు నేను పోలేదు.

అవ్వను మళ్ళీ చూస్తాననుకోలేదు. గండికోట నీళ్ళ కింద ఆమె ఊరూ మా ఊరూ మునిగాయి. అందరికీ కొండాపురం దగ్గర కాలనీలు ఇచ్చారు. మా చుట్టాల ఇంట్లో పెండ్లికి పోయినప్పుడు, ఆ పక్క వీధిలోనే ఆమె ఉందని తెలిసింది. ఏళ్ళ తరబడి మనసులో కూడబెట్టుకున్న మాటలన్నీ పట్టుకుని వెళ్ళాను. ఆమెకు చూపు తగ్గింది. నేనెవరో చెప్పాను.

"ఆ బొమ్మ గీసింది నేనే అవ్వా. గానీ ఎందుకు అడిగినాడో తెలీక గీసినా. నీ కొడుకు మింద ఒట్టు."

"తెలుసబ్బీ," అంది. "ఆ పొద్దే తెలుసు."

నాకు అర్థం కాలేదు. ఆమె నెమ్మదిగా చెప్పింది.

"నీ మామ ఎనకాల ఎవురుండారో ఊరందరికీ తెలుసు. ఆ పేరు నేను చెప్పింటే కర్నూల్లో ఉండే పిల్లోన్ని బతకనిచ్చింటారా? పోలీసోల్లకు ఎవురో ఒగరి పేరు చెప్పల్ల. నీ ఎనకాల ఎవురూ ల్యారు. గొర్రెలోల్ల పిల్లోనివి. నీ పేరు చెప్తే నన్ను ఎవురూ ఏమీ అనరు."

క్షమించమని అడగలేదు. కన్నీళ్ళు పెట్టుకోలేదు. "కాఫీ తాగి పో," అంది. తాగాను. ఆమె మనవడు ఇంటికి వచ్చాడు, ముప్పై దాటిన మనిషి. నన్ను బండి మీద బస్సు దాకా దించుతానన్నాడు. దారిలో మర్యాదగా, "మీరు మాకు ఏమవుతారు?" అని అడిగాడు. మీ నాయనకు తెలిసినవాణ్ణని చెప్పాను.

బస్సెక్కి కూర్చున్నాక కోపం వచ్చింది. అవ్వ మీద. అన్నేళ్ళుగా ఆమెకు నేను తప్పు చేశానని కుమిలిపోయాను గానీ, ఆమె మీద ఎప్పుడూ కోపం రాలేదు. సింహాద్రిపురం వచ్చినా తగ్గలేదు. ఇంటికి పోయి నా భార్యకు అంతా చెప్పాను.

"ఆ పిల్లోడు బతికి బాగుండాడా?" అని అడిగింది.

"బాగుండాడు. పెండ్లయింది."

"అట్లయితే సరే పో," అంది.

నాకు మాత్రం సరే కాలేదు. ఇప్పటికీ కాలేదు.