అక్టోబరు ముప్పై ఒకటి దాకానే

మా ఉత్తర సముద్రపు ఒడ్డున మోటారు సైకిలు కొనబోయేవాడికి రెండిటికి కొదవుండదు: గాలికి, సలహాలకి. పెద్ద ఇంజను లేకపోతే బతుకే దండగంటాడొకడు. ఇటలీ బండి కాకపోతే దానికి ప్రాణమే ఉండదంటాడు ఇంకొకడు. స్వేచ్ఛ, దారి, దిగంతం అంటూ ప్రవచనం ఎత్తుకునేవాళ్ళు మూడో రకం. ఈ ప్రవచనకారుల్లో సగంమంది బళ్ళు గ్యారేజీలో దుప్పటి కప్పుకుని నిద్రపోతుంటాయి. ఈ మాట నా సొంతం కాదు, ఇంకెన్ లోరెన్‌సెన్‌ది. ఆవిడ చెప్పిందంటే రికార్డు చూసి చెప్పిందనే అర్థం.

ఇంకెన్ మా జిల్లా బళ్ళ రిజిస్ట్రేషన్ ఆఫీసులో రెండో నంబరు కౌంటరు. ముప్పై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల కొన్న బండీ, అమ్మిన బండీ, మూలపడ్డ బండీ ఆవిడ బల్ల మీదుగానే పోయాయి. నలభై ఆరో ఏట ఎందుకో బుద్ధి పుట్టి మోటారు సైకిలు లైసెన్సు తీసుకుంది. బండి వెతికేటప్పుడు మాత్రం ఎవరినీ సలహా అడగలేదు. అడగాల్సిందేముంది? అందరూ కౌంటరు అవతల నిలబడి ఎప్పుడో చెప్పేశారు. భారీ బండి కొన్నవాడు మే నెలలో పెళ్ళికొడుకులా వచ్చి నంబరు వేయించుకుంటాడు. మరుసటి సెప్టెంబరుకల్లా "నడుం నొప్పండీ" అంటూ పేరు మార్పిడికి వస్తాడు. పందెపు బండి కొన్నవాడు "మా ఆవిడకి భయమండీ" అంటూ వస్తాడు. పదేళ్ళయినా తిరిగి రానివి ఒక్క రకమే: మధ్యస్తం ఇంజను, మధ్యస్తం బరువు, రంగేమిటో యజమానికే గుర్తుండని బళ్ళు.

కాలవ పక్కన టీస్ అనే మెకానిక్ పాత బళ్ళు బాగుచేసి అమ్ముతాడు. ఇంకెన్ అతని కొట్టుకి వెళ్ళింది. టీస్ సంబరంగా ఒక ఎర్ర బండి మీద గుడ్డ లాగాడు.

"దీన్ని చూడు, నూట ఇరవై గుర్రాల బలం!"

"నేను గుర్రాలు కాయడానికి పోవట్లేదు టీస్, ఆఫీసుకి పోతున్నాను."

"టూరుకీ పనికొస్తుంది, సరదాకీ—"

"ఆ మూల బూడిదరంగుది చూపించు."

"అదా? ఏడేళ్ళ పాతది. అది స్కూలు టీచర్ల బండి."

ఇంకెన్ దాని మీద కూర్చుంది. రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాయి. దిగి, "పడుకోబెట్టు" అంది.

"ఏంటి?"

"బండిని నేల మీద పడుకోబెట్టు. నేను లేపుతాను."

"పిచ్చా? గీతలు పడతాయి!"

"రేపు నా చేతిలో ఎలాగూ పడుతుంది. అప్పుడు నువ్వు పక్కనుండవుగా."

టీస్ తిట్టుకుంటూ పాత పరుపొకటి పరిచి బండిని దాని మీదికి ఒరిగించాడు. ఇంకెన్ వీపు బండికానించి, మోకాళ్ళు వంచి, రెండో ప్రయత్నంలో లేపి నిలబెట్టింది. చేతులు దులుపుకుని, "కాగితాలు తీయి" అంది. బండి ఎంచుకోవడం గురించి నేను చదివిన వ్యాసాలన్నీ ఆ పాత పరుపుకి సరిరావు.

పదేళ్ళయింది. రోజూ ఆఫీసుకి ఇరవై ఏడు కిలోమీటర్లు, సముద్రపు కరకట్ట వెంట. అక్కడ దారి తిన్నగానే ఉంటుంది, మనిషే పక్కకి వాలి నడపాలి, గాలి అలా తోస్తుంది. మధ్యలో ఏ పశువుల కొట్టమో అడ్డొచ్చి గాలి ఒక్కసారిగా ఆగితే, వాలినవాడు వాలినట్టే కాలవలో దిగుతాడు. ఆ దారిలో ఏ కొట్టం ఎక్కడుందో ఇంకెన్ ఒంటికి తెలుసు. ఎండాకాలంలో రెండు పక్క పెట్టెలు తగిలించుకుని ఒకసారి నార్వే దాకా, మూడుసార్లు హార్ట్స్ కొండలదాకా పోయింది. గురువారం సాయంత్రాలు మాత్రం ఏ పనీ లేకుండా చేపల రేవుకి పోయి, రొట్టెలో పెట్టిన ఉప్పుచేప తిని తిరిగొస్తుంది. "పద్దెనిమిది కిలోమీటర్లు పోయి చేప తినడమేంటి, మీ వీధి చివర దొరకదా?" అంటే, "దొరుకుతుంది, కానీ అక్కడికి నడిచిపోవాలి" అంటుంది.

మా దగ్గర బండిని ఏడాదంతా కాకుండా కొన్ని నెలలకే రిజిస్టరు చేయించుకోవచ్చు. నంబరు ప్లేటు చివర పైన ఒక నెల అంకె, కింద ఒకటి. ఇంకెన్ ప్లేటు మీద పైన నాలుగు, కింద పది. అంటే ఏప్రిల్ ఒకటి నుంచి అక్టోబరు ముప్పై ఒకటి దాకా. ఆ తర్వాత బండి రోడ్డెక్కకూడదు, రోడ్డు పక్కన నిలబడనూకూడదు. బీమా వర్తించదు. ఏటా నవంబరు మొదటివారంలో ఎవడో ఒకడు కౌంటరు ముందు చేతులు నలుపుకుంటాడు: "లోరెన్‌సెన్ గారూ, ఒక్కరోజే కదండీ. మెకానిక్ దగ్గర్నుంచి ఇంటిదాకా." ఆవిడ జవాబు మా జిల్లాలో చంటిపిల్లలకి కూడా తెలుసు: "కేలండరు నేను అచ్చువేయలేదండీ."

ఇక జరిగింది చెప్తాను. నిరుడు అక్టోబరు ముప్పై ఒకటి శుక్రవారం, సెలవు. ఏటా ఆ రోజు సీజనుకి ఆఖరి ప్రయాణం చేయడం ఆవిడ అలవాటు. ఈసారి ముందురోజే ఫెర్రీ ఎక్కి ద్వీపానికి పోయింది. అక్కడ చిన్న అతిథిగృహం నడిపే కెయ్‌కె ఆవిడకి చిన్ననాటి నేస్తం. శుక్రవారం మధ్యాహ్నం మూడున్నర ఫెర్రీకి తిరిగొచ్చి, సాయంత్రానికి బండిని గ్యారేజీలో పెట్టి బ్యాటరీ ఊడదీయాలని లెక్క.

మధ్యాహ్నం పన్నెండింటికి కెయ్‌కె ఫోను చూసి నవ్వింది. "ఫెర్రీ లేదే."

"తుఫానా? ఎండ కాస్తుంటే?"

"తూర్పు గాలి. నీళ్ళన్నీ తోసుకుపోయింది. ఫెర్రీ పోయే సముద్రపు కాలవలో లోతు లేదట, పడవ బురదలో కూర్చుంటుంది. రేపు పదకొండింటికి పోతుందట."

మా తీరంలో పుట్టినవాళ్ళు తుఫానుని లెక్కలో వేసుకుంటారు. చక్కటి ఎండలో వచ్చే తూర్పు గాలిని మాత్రం మరిచిపోతారు. ముప్పై ఏళ్ళు ఊరందరి తేదీలూ చూసిన మనిషి తన తేదీకి ఒక్కరోజు కూడా వెసులుబాటు ఉంచుకోలేదు.

ఇంకెన్ కుర్చీలో కూలబడింది. రేపంటే నవంబరు ఒకటి. అవతలి ఫెర్రీ రేవునుంచి ఇంటికి ముప్పై ఒక్క కిలోమీటర్లు.

"అరగంట దారి," అంది కెయ్‌కె. "శనివారం పూట ఎవడు చూస్తాడే?"

"చూసేవాడి సంగతి కాదు. గొర్రె అడ్డం రావడానికి మూడు మీటర్లు చాలు. గొర్రె బదులు మనిషొస్తే? బీమా ఉండదు."

"అయితే ఏప్రిల్ దాకా మా షెడ్డులో ఉంచు."

"ఉంచనా?" ఇంకెన్ మొహం వెలిగింది.

"అయ్యో, లేదులే. ఆదివారం తీరంలో టూరిస్టులకి వేసిన గూడు కుర్చీలన్నీ లోపలికొస్తాయి. నలభై. పిల్లి దూరే చోటుండదు. బయట పెట్టుకో కావాలంటే."

ఐదు నెలలు ఉప్పుగాలిలో బయట ఉంటే ఏప్రిల్‌కి మిగిలేది తుప్పు. ఉంచలేదు, నడపలేదు. చాటుగా నడిపేస్తే ఎవరికీ తెలియదనేది నిజమే. కానీ సోమవారం పొద్దున ఎవడో వచ్చి "ఒక్కరోజే కదండీ" అంటే ఏ నోటితో కాదంటుంది? నిబంధనల్ని దేవుళ్ళలా కొలిచేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. కానీ ఇంకెన్‌ది పూజ కాదు. ఇంతమందిని తిప్పి పంపిన మనిషి తన దగ్గరికొచ్చేసరికి పక్కదారి తొక్కితే, ఆ ముప్పై ఏళ్ళూ ఉత్త పెత్తనమే అయిపోతాయి.

"ట్రైలర్ మీద ఎక్కిస్తే తప్పులేదు," అంది చివరికి. "ద్వీపంలో ఎవరికుంది?"

కెయ్‌కె కిటికీలోంచి బయటికి చూసింది. "మోటారు సైకిలు ఎక్కేది ఒక్కటే ఉంది. నామెన్ రోలోఫ్స్‌ది."

"ఎవరతను?"

"నీకు గుర్తులేదేమో. అతనికి మాత్రం నువ్వు బాగా గుర్తు. ఆ ట్రైలర్ పేరే 'ఇంకెన్'."

గుర్తొచ్చింది. మూడేళ్ళ క్రితం ట్రైలర్ రిజిస్ట్రేషనుకి వచ్చిన ద్వీపపు రైతు. మొదటిసారి బీమా నంబరు లేదు, వెళ్ళి రమ్మంది. రెండోసారి తనిఖీ కాగితం గడువు రెండు రోజుల కింద దాటింది, వెళ్ళి రమ్మంది. మూడోసారి పని అయింది. ప్రతిసారీ ఫెర్రీలో రానూపోనూ ఒక పూట.

ఒంటిగంటకి ఇంకెన్ నాలుగు కిలోమీటర్లు నడుపుకుంటూ ఆ పొలానికి పోయింది. ఆ రోజుకింకా నడపొచ్చు. నామెన్ అరవై ఏళ్ళ మనిషి, చేతిలో పార. కొట్టం ముందు ట్రైలర్. దాని ముక్కు మీద తెల్ల రంగుతో 'ఇంకెన్' అని రాసుంది.

"మొయిన్," అని మా తీరం పద్ధతిలో పలకరించింది ఇంకెన్.

"మొయిన్, మేడమ్‌గారూ. టోకెను తీసుకున్నారా?"

ఆవిడ సంగతంతా చెప్పింది. నామెన్ తొందరపడకుండా విన్నాడు.

"బండి కాగితాలున్నాయా?"

ప్లాస్టిక్ కవరులోంచి తీసి చూపించింది.

"గుర్తింపు కార్డు?"

చూపించింది. అతని మొహంలో కొంచెం నిరాశ కనపడింది.

"బిగించే బెల్టులు?"

"నా దగ్గరెక్కడివి?"

"అయ్యో." పార నేలకానించాడు. "బెల్టుల్లేకుండా ఎలాగండీ? వెళ్ళి తీసుకురండి. ఐదు దాకా తెరిచే ఉంటాం."

ఇంకెన్ బండి తిప్పింది. రేవులో పడవవాళ్ళని బతిమాలి నాలుగు బెల్టులు తెచ్చింది. నామెన్ కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

"వీటి మీద లేబుల్ అరిగిపోయింది. ఎంత బరువు ఆపుతుందో చదవడానికి రావట్లేదు. చదవరాని బెల్టు వాడకూడదు. నిబంధన."

ఇంకెన్ వంగి చూసింది. నిజంగానే చదవరాలేదు. "మీరన్నది కరెక్టే," అంది. ఆ మాట అనేటప్పుడు కోపం బదులు ఏదో సంతోషం వచ్చిందని తర్వాత తనే చెప్పింది. ముప్పై ఏళ్ళలో తనలా కాగితం చదివినవాణ్ణి మొదటిసారి చూసిందట.

మళ్ళీ నాలుగు కిలోమీటర్లు అటు, నాలుగు ఇటు. తూర్పు గాలి వీపుని తోస్తోంది, నీళ్ళు వెనక్కిపోయిన బురద మీద ఎండ మెరుస్తోంది, బాతుల గుంపులు దక్షిణానికి పోతున్నాయి. ఎక్కడికీ చేరనక్కర్లేదు, చేరినా పని అవుతుందో లేదో తెలియదు. ఆ తిరుగుడులో ఎక్కడో భుజాలు సడలాయట. ఏడు నెలల సీజనులో ఇంత బాగా ఎప్పుడూ నడపలేదని హెల్మెట్‌లో తనలో తనే నవ్వుకుందట.

కెయ్‌కె వెతికి కొత్త బెల్టులు రెండే ఇచ్చింది. రెండు చాలవని ఇంకెన్‌కి తెలుసు. అయినా పోయింది.

గేటు తీసే ఉంది. కారు వెనక ట్రైలర్ తగిలించి ఉంది, వాలుపలక దించి ఉంది. వెనక గోడకి నాలుగు పసుపు బెల్టులు వేలాడుతున్నాయి, లేబుళ్ళు నిగనిగలాడుతున్నాయి.

"ఇవి మీ దగ్గరే ఉన్నాయా?"

"పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నాయి."

"మరి నన్నెందుకు తిప్పారు?"

"మూడుసార్లు కావాలి కదండీ. నేను ఫెర్రీలో తిరిగాను, మీరు ఎండలో షికారు కొట్టారు. ఇంకా నేనే నష్టపోయాను." బండిని ముందు చక్రం దగ్గర పట్టుకున్నాడు. "ఊఁ, తోయండి. బరువు లేదే! తెలివైన బండి కొన్నారు."

"ఎత్తి చూసి కొన్నాను."

ఆ రాత్రి పడమటి గాలి మళ్ళి నీళ్ళని వెనక్కి తెచ్చింది. మర్నాడు పదకొండింటికి ఫెర్రీ కదిలింది. డెక్కు మీద కారు వెనక బూడిదరంగు బండి నాలుగు పసుపు బెల్టుల మధ్య, సంతకి పోయే దూడలా ఊగుతూ నిలబడింది. ముప్పై ఒక్క కిలోమీటర్లలో ఇంకెన్ అరవై సార్లు వెనక్కి తిరిగి చూసుంటుంది. అది చూసి నామెన్ అరవై అయిదు కిలోమీటర్ల వేగంతో నడపాల్సిన చోట అరవైతో నడిపాడు.

ఇంటి ముందు అతను ట్రైలర్‌ని వెనక్కి పోనిచ్చి ఆపాడు. దిగి వాలుపలక దించబోయాడు.

"ఆగండి," అంది ఇంకెన్. "పలక కాలిబాట మీదికొస్తోంది."

"అరడుగు!"

"కాలిబాట కూడా రోడ్డు కిందికే వస్తుందండీ. ఇంకొంచెం లోపలికి రండి."

నామెన్ మళ్ళీ కారెక్కాడు. ఈసారి ముళ్ళగులాబీ పొదని రాసుకుంటూ లోపలిదాకా వచ్చాడు. బండి చక్రం గ్యారేజీ సిమెంటు మీద ఆనగానే ఇంకెన్ రెండు చేతులూ సీటు మీద పెట్టి, తల దించి, పెద్దగా ఊపిరి వదిలింది. అంత గట్టిగా వదిలిందంటే నామెన్ కంగారుపడి "ఏమైందండీ?" అన్నాడు.

"ఏమీ కాలేదు," అంది. "ఏమీ కాలేదండీ!" అని పకపకా నవ్వింది.

బ్యాటరీ తర్వాత ఊడదీయొచ్చని, ముందు టీ కాచింది. కలకండ వేసి, మీగడ చుక్క వదిలి, కప్పు అతని ముందు పెట్టింది. నామెన్ ఒక గుక్క తాగి, బల్ల మీద వేళ్ళతో వాయించాడు.

"సోమవారం ఎవడైనా ఒక్కరోజు అడిగితే ఇస్తారా ఇప్పుడు?"

"ఇవ్వను."

"అలా అనండి," అన్నాడు నామెన్ తేలికపడ్డ మొహంతో. "లేకపోతే ట్రైలర్ మీద మీ పేరు చెరిపి వేరే పేరు రాయించుకోవాల్సొచ్చేది."