స్విచ్‌కు బొట్టు పెట్టిన తెల్లారి

2023లో వరంగల్ శివారున ఒక జంపఖానాల కంపెనీ ఆఫీసులో మనిషికీ యంత్రానికీ మధ్య జరిగిన ఘోర సంగ్రామాన్ని మీ ముందుంచబోతున్నాను. అంటే, అంత లేదు. ఒక మూరెడు వైరు తప్పు చోట దూరింది. కాకపోతే దానికి ఒక మనిషి ఉద్యోగం వేలాడుతోంది.

కంపెనీల్లో నెట్‌వర్క్ చూసుకునే సిబ్బందికి శిక్షణ ఇవ్వడం నా పని. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మానేస్తే, మాట ఎక్కడ ఆగిందో వెతకడం నేర్పుతాను. మనుషులు మానేస్తే నా దగ్గర కోర్సు లేదు.

అక్కడ నా విద్యార్థి ఒక్కడే, సమ్మయ్య. కొత్తవాడలో మగ్గం నేసే ఇంటివాడు, నలభై ఐదు దాటాయి. ఎలక్ట్రీషియన్‌గా చేరితే, వైరు వైరే కదా అని నెట్‌వర్క్ కూడా ఆయనకే అంటగట్టారు. పాఠం అర్థమైతే నన్ను "తమ్మీ" అనేవాడు, కాకపోతే "సారూ" అనేవాడు. మొదటి వారమంతా నేను సారునే.

మేనేజర్ ముందే చెప్పాడు. "హైదరాబాద్ ఏజెన్సోళ్లు కాంట్రాక్ట్ అడుగుతాన్రు. దసరా దాంక చూస్త. సమ్మయ్యకు పనొస్తే ఉంటడు, లేకుంటే వాళ్లొస్తరు." ఈ సంగతి సమ్మయ్యకూ తెలుసు. ఆయన బిడ్డ నర్సింగ్ చదువుతోంది. ఈ సంగతి మేనేజర్‌కు తెలియదు.

ఆయుధపూజ నాడు మగ్గాలకు, జనరేటర్‌కు, లారీలకు కడుగుడు, బొట్టు, దండ. స్విచ్‌కూ బొట్టు, దండ తప్పలేదు. స్విచ్ అంటే ఆఫీసులోని కంప్యూటర్ల వైర్లన్నీ వచ్చి దిగే పెట్టె. ఆ రోజు నేను సెలవులో ఉన్నాను.

పూజకు కట్టేసిన కరెంటు మెయిన్ పండుగ తెల్లారి వేయగానే ఆఫీసు మొత్తం నిలిచిపోయింది. గేటు దగ్గర సరుకు లారీ ఎదురుచూస్తోంది, బిల్లు ప్రింట్ కాదు. స్విచ్ లైట్లన్నీ ఒక్కసారే పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటున్నాయి. మేనేజర్ గడపలో నిలబడి, "నువ్ చెప్పకు. ఆయననే చెయ్యనియ్," అన్నాడు.

నేను చెప్పలేదు. గోడకున్న మంటలార్పే సిలిండర్ గడువు ఎప్పటిదో చదువుకుంటూ నిలబడ్డాను. అయిపోయి చాలా కాలమైంది.

సమ్మయ్య నేర్చుకున్న పద్ధతిలోనే పోయాడు. ఒక్కో వైరు పీకడం, లైట్లు చూడటం, మళ్లీ పెట్టడం. "తమ్మీ, జర పక్కకు జరుగు," అన్నాడు. తమ్మీ అనగానే, దొరికిందని అర్థమైంది. నీలం వైరు ఒకటి పీకాడు. లైట్లు నెమ్మదించాయి. ఆ వైరు రెండు కొసలూ అదే స్విచ్‌లో ఉన్నాయి. దీన్ని లూప్ అంటారు. ఒక మాట అందులోనే తిరిగి తిరిగి పెరిగి, ఇంకెవరి మాటా వినపడనియ్యదు.

"ఎవరు పెట్టిన్రు?" అన్నాడు మేనేజర్.

సమ్మయ్య ఆ వైరును చుట్టగా చుట్టాడు. "నేనే సార్. పూజ నాడు ఒక కొస ఏలాడుతాంటే, ఫొటోల మంచిగ రాదు, ఎక్కడన్న పెట్టుమని మీరే అన్నరు. పక్కన ఖాళీ కనబడ్డది, పెట్టిన."

"నేనన్ననా?"

"అన్నరు సార్. కొబ్బరికాయ మీ చేతుల్నే ఉండె."

మేనేజర్ నా వైపు తిరిగాడు. "చూసినవా? చెడగొట్టేది ఈయనే, బాగుచేసేది ఈయనే."

"బాగుచేసిండు కద సార్. పరీక్ష గదే కద," అన్నాను.

"పెట్టినోడే తీసిండు. గది పరీక్షెట్లయితది?"

సమ్మయ్య పాసని రాసిచ్చాను. నెల తిరగకుండానే ఏజెన్సీ ఇంజనీర్ వచ్చి కూర్చున్నాడు. ఎలక్ట్రికల్ పని కూడా కాంట్రాక్ట్‌లోనే ఉందట, సమ్మయ్యకు వెనక్కి పోవడానికి పాత కుర్చీ కూడా మిగల్లేదు. రూము ఎక్కడ దొరికిందని ఇంజనీర్‌ను మాటవరసకు అడిగాను.

"మట్టెవాడల. దసరాకు ముందే దిగిన సార్. బతుకమ్మ పాటలకు నిద్ర లేకుండె."

అంటే పరీక్షకు ముందే ఫలితం రూము కిరాయికి తీసుకుంది.

సమ్మయ్య గేటు దగ్గర కలిసి, "నేను పెట్టలేదంటే ఉంచుతుండెనా తమ్మీ?" అన్నాడు.

"ఉంచకపోతుండె అన్నా," అన్నాను. జోకు ఏదీ తట్టలేదు. ఆయన తలూపి బస్సెక్కాడు.

అప్పటి నుంచి ఎక్కడికి పోయినా, నిర్ణయం అయిపోయిందా అని ముందు అడుగుతున్నాను. అయిపోయిందనిపిస్తే, ఆ మనిషికి బయట ఉద్యోగానికి పనికొచ్చేది నేర్పుతాను.

ఇంకొకటి. కాస్త ఖరీదైన స్విచ్‌లలో లూప్ ప్రొటెక్షన్ అనే సెట్టింగ్ ఉంటుంది. అది వేసి ఉంటే ఇట్లాంటి వైరును స్విచ్చే ఆపేస్తుంది. చాలావాటికి మొదట ఆఫ్‌లోనే ఉంటుంది, కొనగానే ఆన్ చేసుకోవాలి.